వెనక దీపం

కారు నడిపేవాడు లోకంలో అందరి దీపాలూ చూస్తాడు గాని, తన కారు వెనక దీపాలు మాత్రం చూడలేడు. ఇదేమంత గొప్ప సంగతని మీరనవచ్చు. నాకు మాత్రం ఇది తెలియడానికి ఇరవై ఏళ్లు పట్టింది. దానికి ఖరీదు ఒక కుర్రవాడి మణికట్టు.

మాది అంబాసిడర్ కారు. 1984లో తయారైంది. నాన్నగారు హెడ్మాస్టరుగా ఉన్న రోజుల్లో ఒక డాక్టరు గారి దగ్గర సెకండుహ్యాండులో కొన్నారు. ఉత్తరపారా ఫ్యాక్టరీలో ఆ కార్ల తయారీ ఆగిపోయిందని 2014లో పేపర్లో చదివిన నాడు ఆయన రాత్రి సరిగా భోజనం చెయ్యలేదు. అప్పటినుంచీ మా ఇంట్లో ఒక శాసనం అమలులో ఉంది: కారులో ఏ వస్తువూ కొత్తది వెయ్యరాదు. అరిగితే సాన పట్టించాలి, విరిగితే అతికించాలి. హారను మూగబోయినప్పుడు రెండు నెలలు కిటికీలోంచి తల బయటపెట్టి కేకలేశానే గాని కొత్తది కొనలేదు.

మా కాపురం తెనాలిలో, నా కాలేజీ గుంటూరులో. రోజూ రైల్లోనే వెళ్లివస్తాను. పరీక్ష పేపర్ల కట్టలు మోసుకు రావలసిన రోజున మాత్రం కారు తీస్తాను. పోయిన డిసెంబరులో అలాగే కట్టలతో వస్తున్నాను. చీకటి పడింది. వరి నూర్పిళ్ల రోజులు కదా, రోడ్డు మీద సగానికి ధాన్యం ఆరబోసి చుట్టూ రాళ్లు పేర్చారు. రాళ్లు దగ్గరకొచ్చేదాకా కనిపించలేదు. బ్రేకు గట్టిగా తొక్కాను. మరుక్షణం వెనక పెద్ద చప్పుడైంది.

దిగి చూస్తే మోటారు సైకిలు అడ్డంగా పడి ఉంది. పక్కనే ఇరవై ఏళ్ల కుర్రవాడు, కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నలుగురూ పోగయ్యారు. మేష్టారు గారి కారనగానే తీర్పు జరిగిపోయింది. "ఈయన బ్రేకు వేసినట్టు లైటు వెలగలేదండీ," అన్నాడా అబ్బాయి. "నోరు ముయ్యి, అంత జోరుగా తోలితే నీకు సూర్యుడు కూడా కనపడడు," అన్నాడొక పెద్దమనిషి. అందరూ నా వంక చూశారు.

"వెలిగింది," అన్నాను.

ఎలా తెలుసు నాకు? బ్రేకు తొక్కింది నా కాలే గాని, నా కళ్లు ముందున్న ధాన్యం మీద ఉన్నాయి. అయినా అంత ధీమాగా అన్నాను. కుర్రవాణ్ణి ఆటోలో ఆసుపత్రికి పంపించారు. నేను కట్టలతో ఇంటికొచ్చాను.

మర్నాడు సంధ్యవేళ మా ఆవిణ్ణి కారు వెనక నిలబెట్టాను.

"ఏమండీ, తొక్కారా?"

"తొక్కాను."

"మళ్లీ తొక్కండి."

"తొక్కుతూనే ఉన్నాను."

కాసేపు మాట లేదు. "ఎడమవైపు అసలు లేదు. కుడివైపు... ఉందేమో మరి," అంది.

ఆవిణ్ణి సీట్లో కూర్చోబెట్టి నేను వెనక్కి వెళ్లి చూశాను. దానికంటె మా తులసికోట దగ్గర దీపం నయం.

కార్ల కరెంటు పని చేసే మేస్త్రీ ఎర్ర అద్దాలు ఊడదీసి నాకు చూపించాడు. ఎడమవైపు బల్బులో బ్రేకు తీగ తెగిపోయింది. కుడివైపు బల్బు బాగానే ఉంది గాని, కరెంటు తిరిగి వెళ్లే ఎర్తు దారి తుప్పు పట్టింది. బల్బు వెనక వెండిలా మెరవవలసిన రేకు మాసిన పళ్లెంలా ఉంది. "మేష్టారూ, ముందీ తుప్పు గోకాలి. అది గోకకుండా ఎంత మంచి దీపం పెట్టినా దండగే. ఆపైన ఎల్.ఇ.డి. వేయించుకోండి," అన్నాడు.

నాన్నగారు ససేమిరా అన్నారు. "అది కారు దీపం కాదు, పెళ్లి పందిట్లో సీరియల్ లైటు." నేను పుస్తకం పట్టుకు కూర్చున్నాను. ఎర్ర వెలుగునిచ్చే ఎల్.ఇ.డి.ని నిక్ హోలోన్యాక్ అనే శాస్త్రజ్ఞుడు అమెరికాలో 1962లోనే చేశాడు. "నాన్నగారూ, మన కారుకంటె అది ఇరవై రెండేళ్లు పెద్దది," అన్నాను. ఆయన వయసుకు విలువిచ్చే మనిషి. "అయితే ఎరుపే వెయ్యి," అని పాత బల్బులు రెండూ అడిగి తీసుకుని, దూది చుట్టి హార్లిక్స్ సీసాలో దాచుకున్నారు.

ఆయన ఎరుపే అనడం మంచిదైంది, ఎందుకంటే నేను చవకగా దొరికాయని తెల్లవి కొనుక్కొచ్చాను. ఎర్ర అద్దం ఎరుపును మాత్రమే బయటికి పోనిస్తుంది. తెల్ల ఎల్.ఇ.డి. వెలుగులో నీలం, పసుపు ఎక్కువ, ఎరుపు తక్కువ. వెలిగిస్తే మా అంబాసిడర్ వెనక గులాబిరంగు మెరిసింది. మేస్త్రీ నవ్వి వాటిని తీసేశాడు. ఒకవైపే వెలిగేవి కాకుండా, చుట్టూ గింజలున్న ఎర్రవి ఏరి పెట్టాడు. పక్కలకు వెలుగు పడితే గాని వెనక రేకు నిండదట. మామూలు వెలుగుకూ బ్రేకు వెలుగుకూ తేడా కొట్టొచ్చినట్టు కనిపించాలని పదిసార్లు నా చేత తొక్కించాడు. పాత బల్బులో ఒక తీగకు 5 వాట్లు, బ్రేకు తీగకు 21 వాట్లు. కొత్తదానికి బ్రేకు వేసినా రెండు మూడు వాట్లు చాలు.

మలుపు దీపాలు మాత్రం అలిగి, వెలగడమే గాని ఆరడం మానేశాయి. వాటిని టిక్కు టిక్కుమనిపించే పాత డబ్బాలో ఒక రేకు కరెంటుకు వేడెక్కి వంగుతూ ఉంటుందట. ఎల్.ఇ.డి. లాగే ఆ కాస్త కరెంటుకు దానికి వేడి చాలదు. దాని బదులు ఎలక్ట్రానిక్ డబ్బా పెట్టవలసి వచ్చింది. ఈ మార్పు సంగతి నాన్నగారికి ఇంకా చెప్పలేదు సుమండీ.

ఇంకొక మాట కూడా మేస్త్రీ చెప్పాడు. పాత బల్బు తీగ కాగి పూర్తిగా వెలగడానికి సెకనులో అయిదో వంతు పడుతుంది. ఎల్.ఇ.డి. తక్షణం వెలుగుతుంది. ఇంటికొచ్చి కాగితం మీద లెక్క కట్టాను. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెనక వచ్చేవాడు ఆ కాస్త వ్యవధిలో మూడు మీటర్ల పైచిలుకు ముందుకొచ్చేస్తాడు. కాని ఆ కుర్రవాడికి అసలు దీపమే లేదు. నేను మూడు మీటర్ల లెక్కలు కడుతున్నాను!

ఆదివారం వాళ్ల ఊరు వెతుక్కుంటూ వెళ్లాను. చేతికి కట్టుతో అరుగు మీద కూర్చుని ఉన్నాడు. వాళ్లమ్మ కుర్చీ వేసి కాఫీ తెచ్చింది. గ్లాసు చేతిలో ఉండగానే చెప్పేశాను. "బాబూ, ఆ రోజు లైటు వెలగలేదు. నువ్వు చెప్పిందే నిజం. నేను చూడకుండా అన్నాను."

ఆవిడ కొడుకు వంక చూసింది. ఆస్పత్రిలో ఉన్న మూడు రోజులూ తాను వాణ్ణి తిట్టిందట.

"చెప్పానుగా అమ్మా," అన్నాడు వాడు. అంతకు మించి ఏమీ అనలేదు. ఆస్పత్రి బిల్లు నేనిస్తానంటే ఆవిడ మొదట వద్దంది, తర్వాత లోపలికెళ్లి కాగితాలు తెచ్చింది.

బయలుదేరేసరికి చీకటి పడింది. కుర్రవాడు గేటు దాకా వచ్చాడు. వీధి చివర అడ్డం ఎవరూ లేకపోయినా బ్రేకు తొక్కి ఆగాను. అద్దంలో చూస్తే, కట్టు లేని ఎడమచెయ్యి పైకెత్తి ఊపుతున్నాడు.