ఓడలో మా అత్తగారి గది

మా అత్తగారికి డెబ్బదియైదేండ్లు. కాకినాడలో పుట్టి కాకినాడలోనే కాపురము చేసినవారు. తీరమునకు దూరముగా లంగరు వేసిన ఓడలను, వానికి సరకు చేరవేయు పడవలను చిన్ననాటి నుండియు చూచుచున్నారే గాని ఎన్నడును ఓడ నెక్కి యెరుగరు. డల్లాసు నగరమున నుండు మా బావగారికి ఈ సంగతి మనస్సులో నాటుకొని యుండెను. 2025వ సంవత్సరమున సంక్రాంతి వెళ్లిన పిదప అత్తగారితో గూడ మేము వారి యింటికి పోవుటకు నిశ్చయమైనప్పుడు, "అమ్మను కరిబియన్ సముద్రము మీద ఒక వారము త్రిప్పెదము. ఆమె కొరకు ఓడలో స్వీటు తీసికొనెదను" అని ఆయన ముందటి శ్రావణమాసముననే టెలిఫోనులో చెప్పిరి.

"నాకు చక్కెరజబ్బు గదరా నాయనా, స్వీటెందుకు?" అనిరి అత్తగారు. అందరము నవ్వితిమి. ఆంగ్లమున మిఠాయికిని, ఈ పెద్దగదికిని పలుకుబడి యొక్కటియే యగుట ఆమె తప్పు కాదు.

ఇట్టి యోడలలో గదులు సామాన్యముగా నాలుగు తెగలు. లోగదికి కిటికీయే యుండదు. దీప మార్పినచో పగలో రాత్రియో తెలియదు. రెండవ తెగకు తెరవరాని కిటికీ యుండును. మూడవ తెగకు సముద్రమువైపు చిన్న వరండా యుండును. ఈ మూడును ఇంచుమించు 150 మొదలు 200 చదరపుటడుగుల లోపలివే. నాలుగవది స్వీటు. పడకయు, కూర్చుండు తావును వేరువేరుగా నుండి, స్నానపుగదియు వరండాయు పెద్దవిగా నుండును. చిన్నస్వీటని మరియొకటి కలదు. అందు చోటు పెరుగునే గాని, స్వీటులవారికి ఓడ యెక్కునప్పుడు దిగునప్పుడు నిలువుకాళ్ల బారులు తప్పించు మర్యాద వారికి వర్తించుననుట నిశ్చయము కాదు. ముసలివారితో పోవువారికి ఆ బారు తప్పుటయే అసలు లాభము గనుక, ఆ మాట ముందుగా అడిగి తెలిసికొనవలెను.

వెల సంగతి. గది వెలను ఇద్దరికని లెక్కవేసి తలకింతయని చెప్పుదురు. ఒక్కరే యున్నను చాలచోట్ల దాదాపు ఇద్దరి వెల యీయవలసినదే. అదే గదిలో మూడవవారికి సామాన్యముగా తగ్గును. ఇదిగాక పరిచారకుల బహుమానమని దినమునకు మనిషికింత చొప్పున చేర్చుదురు. అది స్వీటులవారికి కొంత హెచ్చు. అత్తగారిని ఒంటిగా నుంచుట ఎట్లును మాకిష్టము లేదు. కావున ఆమెయు, మా తోడికోడలును, మేమును స్వీటులో నుండునట్లును, అన్నదమ్ములిద్దరును లోగదిలో పరుండునట్లును ఏర్పాటైనది. వరండా, వరండా యని కలవరించిన బావగారికి కిటికీ లేని గది దక్కినది.

అయితే ఏ స్వీటు? ఇక్కడనే చిక్కు వచ్చినది. బావగారు పంపిన బొమ్మలలో వరండా మీది కుర్చీలు, పడకమీది దిండ్లు, బల్లమీది పూలు చక్కగా కనబడుచుండెను. మేము స్నానపుగది బొమ్మ అడిగితిమి. నాలుగు దినములకు వచ్చినది. తెల్లని పింగాణి తొట్టి, దాని కంచు మోకాలిని దాటి యున్నది. జల్లుగొట్టము ఆ తొట్టిలోనే. స్వీటులకు తొట్టి యొక భోగము. చాల యోడలలో చిన్నగదులకు అది యుండదు. కాని ఆ కంచు దాటి లోపల కాలు పెట్టవలసినది అత్తగారు.

రెండేండ్ల క్రిందట ఆమె మా యింట స్నానపుగదిలో జారిపడి తుంటి యెముక విరుగగొట్టుకొనిరి. శస్త్రచికిత్స జరిగి కర్ర సాయముతో నడచుచున్నారు. కాని నాటినుండి స్నానమునకు మా చేయి లేనిదే పోరు. మేము నీళ్లు పోయుచున్నంతసేపు ఆమె గోడవైపు తిరిగి మాటలాడకుండుట మేము కనిపెట్టినాము. ఆమె ఎన్నడు నేమియు అనలేదు. నలుగురు బిడ్డలకు తానే తలంట్లు పోసిన మనిషికి అది యెట్లుండునో అడుగుటకు మాకును నోరు రాలేదు. ఈ సంగతి కొడుకులకు తెలియదు.

టిక్కెట్లు కుదిర్చిన పెద్దమనిషిని అడుగగా, "స్వీటు స్నానపుగదులలో గడప గూడ ఉండదు" అని ధైర్యము చెప్పెను. మేము ఓడ పటము తెప్పించి భూతద్దము పెట్టి చూచితిమి. గదుల సంఖ్యల ప్రక్క చిన్నచిన్న గుర్తులుండును; వాని అర్థము పటము అడుగున చీమతలలవంటి అక్షరములలో అచ్చువేయుదురు. చక్రాల కుర్చీ గుర్తున్న గదులు మాత్రమే గడప లేనివి! ఓడలలో నీరు వెలుపలికి పొరలకుండుటకై సాధారణపు స్నానపుగదులకు నాలుగైదంగుళముల గడప కట్టుట వాడుక. గుర్తున్న గదులకు ద్వారము వెడల్పు. నేల సమముగా నుండును. తొట్టికి బదులు నేలమీదనే జల్లు. గోడకు బిగించిన మడతపీట, పట్టుకొనుటకు కడ్డీలు. మామూలు గది ద్వారము ఇంచుమించు రెండడుగుల వెడల్పు గనుక, కుర్చీ లోపలికే రాదు, నడవలో విడిచిపెట్టనీయరు.

ఆ గుర్తుగల స్వీటులు ఓడ మొత్తముమీద మూడో నాలుగో కనబడినవి. అవి ముందుగా నిండిపోవును. అవసరమేమో వ్రాసి సంతకము చేసిన కాగితము కూడ అడుగుదురు. బావగారికి మొదట మనస్కరింపలేదు. "అమ్మకు రోగులగదియా? అదిగాక వరండా చిన్నది" అనిరి. మా తోడికోడలు టెలిఫోను తన చేతికి తీసికొని, ఇదివరకు చెప్పని సంగతి యంతయు ఒక్క నిమిషములో చెప్పెను. ఆయన కొంతసేపు పలుకలేదు. మరునాడే గది మారినది.

గది యెచ్చట నుండవలెననుటయు ఆలోచింపదగినదే. ఓడ ముందుభాగమును, పై అంతస్తులును హెచ్చుగా ఊగును. నడుమభాగమున క్రిందివైపు ఊపు తక్కువ. ఈతకొలనుకు అడుగున నున్న గదిలో తెల్లవారకముందే నెత్తిమీద కుర్చీ లీడ్చెడు చప్పుడు వినబడును. నాటకశాలకు పైన నున్నచో రాత్రి బాజాలు. పైనను క్రిందను పడకగదులే యున్న అంతస్తు మేలు. ప్రక్కగదికి నడుమ తలుపున్నచో వారి కాపురమంతయు మనకు వినబడును. కొన్ని గదుల యెదుట ప్రాణరక్షక పడవలు వ్రేలాడుచు సముద్రమును మరుగుచేయును. ఆపద వచ్చినప్పుడు లిఫ్టులు వాడరాదు గనుక, ఆ పడవలకు హెచ్చు మెట్లు లేని అంతస్తును మేము కోరితిమి. టెక్సాసు రాష్ట్రపు గాల్వెస్టను రేవునుండి ఓడ ఆగ్నేయముగా పోవును, వాయవ్యముగా మరలివచ్చును. కావున ఎడమప్రక్క గదికి పోవునప్పుడు ఉదయపు సూర్యుడును, వచ్చునప్పుడు అస్తమయమును కనబడుననుకొని ఆ ప్రక్కనే తీసికొంటిమి.

మాసము నెన్నుకొనుట పెద్ద పని కాదు. జూను మొదలు నవంబరు కడవరకు అక్కడ తుపానుల కాలము. గాల్వెస్టను పట్టణమునే 1900వ సంవత్సరము సెప్టెంబరు 8వ తేదీని ఒక తుపాను ముంచి వేలకొలది జనులను పొట్టబెట్టుకొన్నది. కాకినాడవారికి తుపాను మాట వేరుగా చెప్పనక్కరలేదు. ఫిబ్రవరి అనగానే అత్తగారు సమ్మతించిరి.

పత్రముల విషయమున మాత్రము జాగ్రత్త. ఓడ అమెరికాలోనే బయలుదేరి అమెరికాకే వచ్చినను, నడుమ పరదేశములు తగులును. తిరిగి వచ్చుట క్రొత్తగా ప్రవేశించుటతో సమానము. కావున పలుమారులు ప్రవేశమిచ్చు వీసా ఉండవలెను. మెక్సికోవారు అమెరికా వీసా గలవారిని వేరు వీసా లేకయే రానిత్తురు. తక్కిన ద్వీపములకు ప్రయాణమునకు ముందు ఒక్కొక్కదానికే విచారింపవలెను. భీమా పత్రమున పూర్వమునుండియున్న జబ్బులు చేరినవా లేవా చూడవలెను. ఓడలో వైద్యుడుండును గాని రుసుము చాల హెచ్చు.

ఇక పెట్టె సర్దుట. అత్తగారు మొదట సర్దినవి దీపపు కుందె, వత్తులు, అగరువత్తులు, ఆవకాయ జాడీ. నాలుగును పనికిరానివే. ఓడలో నిప్పు వెలిగింపరాదు. ఇస్త్రీపెట్టె, నీళ్లు కాచు కెటిలు, అన్నము వండు కుక్కరు గూడ తేనీయరు. 1934వ సంవత్సరము సెప్టెంబరులో మారోకాసిల్ అను ఓడ హవానానుండి న్యూయార్కు వచ్చుచు మంటలలో చిక్కి 137 మంది మరణించిరి. ఆ కథ చెప్పగా అత్తగారు కుందె తీసి ప్రక్కన పెట్టి, "సముద్రము మధ్య నిప్పంటుకొన్నచో నీళ్లున్నను దిక్కు లేదన్నమాట" అనిరి. బ్యాటరీతో వెలుగు చిన్నదీపము నొకటి మా తోడికోడలు కొనియుంచెను. దానికి ఆమె నమస్కరింపలేదు, త్రోసివేయనూ లేదు. ఇంటిలో వండినవి సాధారణముగా రానీయరు. అంగడిలో మూతవేసి అమ్మునవి చెల్లును. శాకాహారమని టిక్కెట్టు నాడే వ్రాయించి, ఓడ యెక్కిన సాయంకాలము వడ్డనవారి పెద్దతో మరల చెప్పినచో, పప్పు, కూర, అన్నము మరునాటికి సిద్ధము చేసి పెట్టిరి.

రేవులో పెట్టెలను కూలీల కప్పగించినచో గదికి చేరునప్పటికి సాయంత్రమగును. మందులు, పాసుపోర్టులు, ఒక జత బట్టలు చేతిసంచిలోనే యుండవలెను. అయస్కాంతపు కొక్కెములు నాలుగు తీసికొనిపొండు. ఓడగోడలు చాలవరకు ఇనుపరేకులు గనుక అవి అంటుకొనును. తడితువాలు, కర్ర, జపమాల సంచి అన్నియు వానికే తగిలించితిమి. జారని అడుగుగల చెప్పులు మరువరాదు. వాంతికి అల్లపుమురబ్బా మా అందరకు చాలినది. మాత్రలు వైద్యుని అడిగియే వాడవలెను.

డల్లాసునుండి గాల్వెస్టనుకు మోటారులో అయిదు గంటల ప్రయాణము. ఆ దినము సముద్రముమీద పొగమంచు దట్టముగా క్రమ్మి, ఓడ బయలుదేరుట నాలుగు గంటలు ఆలస్యమైనది. బయలుదేరక పూర్వమే ఆపదవేళ ఎక్కడ చేరవలెనో చూపు కసరత్తు జరిగినది. 2012వ సంవత్సరమున ఇటలీతీరమున కోస్టాకంకార్డియా ఓడ రాతికి తగిలి మునిగిన పిదప, ఓడ కదలకముందే గాని కదలిన వెంటనే గాని దీనిని జరుపుట నియమమైనది. మెట్లెక్కలేనివారి పేరు అక్కడ వేరుగా వ్రాయించితిమి.

దారిలో మూడు రేవులు. జమైకాలోని ఫాల్మత్తులో ఓడ గట్టునకే చేరును. కుర్చీ నేరుగా ఊరిలోనికి దొర్లినది. అంగడిలో కట్టలు కట్టి అమ్ముచున్న ఆకును చూచి అత్తగారు, "ఇది మన తోటకూర కాదుటే అమ్మాయీ!" అనిరి. అది తోటకూర జాతిదే. అక్కడ కలలూ అందురు. 1845వ సంవత్సరము మే 10వ తేదీని ఆ దీవికి మొదటి హిందూదేశపు కూలీల ఓడ వచ్చినది. చెన్నపట్టణపు రేవునుండి ట్రినిడాడు, గయానాలకు పోయిన కూలీలలో తెలుగువారును గలరు. నెలల తరబడి ఓడ అడుగుభాగమున కిక్కిరిసి వచ్చిన వారికి స్నానమునకు ఏ గది యుండెనో అని అత్తగారు తిరిగి వచ్చునప్పుడు అడిగిరి. మాకు జవాబు తోచలేదు.

గ్రాండుకేమను దీవిలోని జార్జిటౌనున ఓడకు గట్టు లేదు. దూరముగా లంగరు వేసి చిన్నపడవలలో దింపుదురు. అలలున్నప్పుడు కుర్చీని పడవలోని కెక్కించుట కుదరదు. ఇట్టి రేవులెన్ని యున్నవో టిక్కెట్టు కొనకముందే చూచుకొనవలెను. తక్కినవారు దిగిపోయిరి, అత్తగారును మేమును వరండాలో కూర్చుంటిమి. దూరముగా లంగరు వేసిన ఓడ, దానికి గట్టునకు నడుమ తిరుగు పడవలు. "కాకినాడలో ఇదే అటునుండి చూచెడిదానను" అనిరి ఆమె.

మొదటి దినముననే జరిగిన సంగతి కడపట చెప్పుచున్నాము. ఓడ కదలిన మరునాటి ఉదయము మేము అలవాటుచొప్పున తువాలు భుజమున వేసికొని స్నానపుగది ద్వారముకడ నిలుచుంటిమి. అత్తగారు లోపలికి పోయి నేలను కాలితో తడవి చూచిరి. కడ్డీ పట్టుకొని ఊపిరి. మడతపీట దింపి కూర్చుండి, లేచి, మరల కూర్చుండిరి. పిదప మా చేతిలోని తువాలు తీసికొని, "నువ్వు వెళ్లి కాఫీ త్రాగు అమ్మాయీ" అని తలుపు వేసికొనిరి.

మేము కాఫీకి పోలేదు. తలుపునకు బయట పడకపై కూర్చుంటిమి. మా తోడికోడలు గూడ లేచి వచ్చి ప్రక్కన కూర్చుండెను. లోపల నీళ్లు పడుచున్న చప్పుడు. కొంతసేపటికి ఆ చప్పుడులో నుండి సన్నగా, రెండేండ్లుగా మేము వినని సూర్యస్తోత్రము వినవచ్చినది. నడుమ ఒక చరణము మరచి, మొదటినుండి మరల ఎత్తుకొనిరి.