గోడ ఏ నీళ్లు తాగుతోంది?

మా అమ్మకు ముక్కే పరీక్ష. తెనాలిలో మా వెనక గది తలుపు తీయగానే "ముక్క వాసన కొడుతోందే" అంటుంది. బీరువా జరిపి చూస్తే గోడకు నల్ల మచ్చలు ఉండనే ఉంటాయి. ఈసారి సెలవులకు వెళ్తూ మాంచెస్టర్ నుంచి బూజు పరీక్ష కిట్ తీసుకెళ్లాను. మచ్చ మీద టేపు అంటించి, ఊడదీసి ల్యాబ్‌కి పంపాలి. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "కంటికి కనపడేదానికి మళ్లీ పరీక్షెందుకే?" అంది.

ఆ కిట్ వెనక ఒక కథ ఉంది. మాంచెస్టర్‌లో మా అద్దె ఇంటి పడగ్గది మూల నల్లబడితే, ఇంటివాళ్ల తరఫు మనిషి వచ్చి మీ వంటల ఆవిరి వల్లే అన్నాడు. పిల్లాడు రాత్రంతా దగ్గుతున్న రోజులవి. ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేను. మాకు దగ్గర్లోనే ఉన్న రాచ్‌డేల్‌లో 2020 డిసెంబరులో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ల బిడ్డ ఇంట్లోని బూజు తెచ్చిన శ్వాస జబ్బుతో చనిపోయాడు. సూడాన్ నుంచి వచ్చిన ఆ కుటుంబం అలవాట్లనే ముందు తప్పుపట్టారు. బూజే కారణమని 2022లో విచారణలో తేలింది. ఆ బిడ్డ పేరుతో వచ్చిన చట్టం 2025 అక్టోబరు 27 నుంచి ఇంగ్లండ్‌లోని కౌన్సిల్, హౌసింగ్ సంస్థల అద్దె ఇళ్లకు అమలవుతోంది. ప్రాణం మీదకి తెచ్చే చెమ్మయితే 24 గంటల్లో కదలాలి.

అప్పట్లో నేనూ టేపు పంపించాను. క్లాడోస్పోరియం, పెనిసిలియం అని పేర్లు రాసొచ్చాయి. ఎక్కడి గాలిలోనైనా ఉండేవే అవి. నీళ్లు ఎటునుంచి వస్తున్నాయో ఆ కాగితంలో లేదు. బయట వాననీటి గొట్టం పగిలి గోడలోకి కారుతోందని తర్వాత తెలిసింది. కనిపించే బూజుకు చాలావరకు పరీక్ష అక్కర్లేదని అమెరికా పర్యావరణ సంస్థ చెప్పేది కూడా ఇందుకే. అమ్మ మాటే నిజం.

కిట్ పక్కన పెట్టి, వంటింట్లోని సిల్వర్ ఫాయిల్ ముక్కను గోడకు నాలుగు పక్కలా టేపు వేసి అంటించాను. రెండు రోజుల తర్వాత చూస్తే పైన పొడి, గోడ వైపు నీటి చుక్కలు. పైన చెమర్చి ఉంటే గదిలో గాలాడక వచ్చిన తేమ అనుకోవాలి. ఇది గోడలోంచి వస్తున్నది, బహుశా నేలలోంచి పైకి ఎక్కుతున్నదే. ఊళ్లోంచి కాలువలు పారే తెనాలిలో నేల ఆరేదెప్పుడు? మా నాయనమ్మ రోజుల్లో ఏటా సంక్రాంతికి సున్నం కొట్టేవాళ్లు. సున్నపు ఘాటుకి బూజు బతకదు, గోడలోని తేమా బయటికి పోతుంది. ఆ సున్నం మీద మేం ప్లాస్టిక్ పెయింట్ వేయించి, తేమకు దారి మూసేశాం.

బాపట్లలో అక్క, గోడ కింద తెల్లగా దూదిలా వస్తోందని వారం వారం బ్లీచింగ్‌తో కడుగుతోంది. దాని మీద నీళ్లు చిలకరిస్తే కరిగిపోయింది. ఉప్పు! బూజైతే కరగదు.

నా మనసుకు కష్టం కలిగింది రేపల్లె దగ్గర లంకలో. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు మావయ్య ఇంట్లో నీళ్లు రోజుల తరబడి నిలిచాయి. నీళ్లు తీయగానే, గోడలు ఆరకముందే, పెళ్లి ఉందని రంగులు వేయించాడు. రంగు పొరల కింద నుంచి బూజు తన్నుకొచ్చింది. తడిసిన దూది పరుపులు రెండు రోజుల్లో ఆరకపోతే పారేయడమే మంచిది. "మీ అత్తయ్య పుట్టింటి పరుపులమ్మా అవి" అన్నాడు మావయ్య. నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. అయినా పారేయమనే చెప్పాను, ఆ గదిలో మనవరాలు పడుకుంటోంది.

గోడ మీది బూజును పొడిగా గీకకండి, గాలిలోకి లేస్తుంది. మూతికి మాస్కు కట్టుకుని, పిల్లల్ని బయటికి పంపి, సబ్బునీళ్ల గుడ్డతో తుడవండి. కొత్త ఇల్లు కడుతుంటే, పునాది మీద గోడ లేపకముందే చెమ్మ ఎక్కకుండా డీపీసీ పొర వేశాడో లేదో తాపీమేస్త్రీని అడగండి. మా తెనాలి ఇంటికి ఆ పొర లేదు. ఈ సంక్రాంతికి వెనక గది పెయింట్ గీకించి, మళ్లీ సున్నమే వేయిస్తున్నాం.