రేగడి మీద సావిడి

గుంటూరు, ప్రకాశం జిల్లాల పొలిమేరలో, చిలకలూరిపేటకూ పర్చూరుకూ నడుమ ఉన్న మా పల్లెలో ఒక ఇంటి స్థితిగతులను అంచనా వేయదలచినవారు ఆ ఇంటి వసారా వంక చూసేవారు కారు. సావిడి వంక చూసేవారు. పిల్లనివ్వడానికి వచ్చిన పెద్దలు మంచినీళ్ళు తాగి, కాళ్ళు సాగదీసుకునే నెపంతో పెరట్లోకి నడిచి, గడ్డివామి ఎత్తునూ, పేడదిబ్బ వైశాల్యాన్నీ, గాటికి కట్టిన ఎడ్ల మూపురాలనూ చూసి వచ్చి, అటుపిమ్మట మాత్రమే కట్నకానుకల మాట ఎత్తేవారని మా నాయనమ్మ చెప్పేది. దీనిని కొన్ని ఊళ్ళలో కొట్టమంటారు, కొందరు పెద్దలు కొష్టమంటారు. మాకు మాత్రం సావిడి. 2022 ఏప్రిల్‌లో జరిగిన పునర్విభజనతో పేట పల్నాడు జిల్లాకూ, పర్చూరు బాపట్ల జిల్లాకూ వెళ్ళిపోయినా మా నోళ్ళలో పాత జిల్లాల పేర్లే నిలిచినట్టు, ఎడ్లు పోయి పాతికేళ్ళయినా ఆ మాట నిలిచింది.

మా పాత సావిడి తాతగారు కట్టించినది. అంతకుముందున్న దాని తాటాకు కప్పు, 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచిన తుపాను గాలికే లేచిపోయిందట. మరుసటి ఏడు ఆయన ఏడంకణాల సావిడి లేపారు. అప్పటికి సాగర్ కుడికాలువ నీళ్ళు మా పొలాలకు వచ్చి కొన్నేళ్ళయింది. 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదలకముందు మా పశువులకు జొన్నచొప్పే ఆధారం. చొప్పను కట్టలుగా నిలబెట్టుకుంటే చాలు. కాలువ వచ్చాక వరిగడ్డి వచ్చింది, గడ్డివామి వచ్చింది, దానికి తగ్గట్టు సావిడి పొడుగూ పెరిగింది. ఒక నది మీద కట్టిన ఆనకట్ట ఎక్కడో ఒక పల్లెలో గొడ్ల సావిడి కొలతలను మార్చడం చరిత్ర పుస్తకాలకెక్కే విషయం కాదు. కానీ మార్పు మా ఇళ్ళలోకి వచ్చింది ఆ దారినే.

ఆ సావిడి క్రమంగా ఒరిగింది. ఒంగోలు జాతి ఎడ్లు నాలుగు జతల నుంచి ఒక జతకు తగ్గి, ట్రాక్టరు వచ్చాక అదీ లేకుండా పోయింది. 2023 వేసవి నాటికి మిగిలినవి రెండు గేదెలు, ఒక పెయ్యదూడ. ఆ వేసవిలోనే నాన్న, తన డెబ్బై నాలుగో ఏట, పాతది విప్పి కొత్తది కట్టాలని నిశ్చయించుకున్నారు.

అన్నయ్యకు ఇది ఎంతమాత్రమూ నచ్చలేదు. పెరటి స్థలం రోడ్డు వారగా ఉంది. దానిని కొనడానికి మనిషి కూడా వచ్చి వెళ్ళాడు. "రెండు గేదెలకు ఐదంకణాల సావిడి దేనికి నాన్నా? రేకులు నాలుగు వేస్తే సరిపోదా?" అని హైదరాబాదు నుంచి ఫోనులో అడిగాడు. నాన్న చెప్పిన సమాధానం నా ఎదుటే చెప్పారు. "స్థలం అమ్మితే గేదెల్ని అమ్మాలి. గేదెలు లేకపోతే పొద్దున్నే లేచి నేను చేసే పనేముంది? మీ దగ్గరికి వస్తాను. నేను వచ్చేస్తే పొలం చూసేదెవరు? ఒకటి జారితే అన్నీ జారతాయిరా." అటువైపు చాలాసేపు మౌనం. అన్నయ్య కాదనలేదు, సరేననీ అనలేదు.

రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో పని మొదలయింది. అందరూ వానలు వెలిసిన తరువాత కడతారు కదా అని నేనడిగితే, నాన్న నన్ను చేలోకి తీసుకువెళ్ళి ఒక చువ్వను పగులులోకి దించి చూపారు. నడుము లోతు పోయింది. నల్లరేగడిలో మాంట్‌మొరిల్లొనైట్ అనే బంక ఖనిజం ఎక్కువ. అది నీళ్ళు తాగి ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. వేసవిలో పైమట్టి పగుళ్ళలోకి రాలి, వానకు మళ్ళీ పైకి పొంగుతుంది గనుక ఇది తనను తానే దున్నుకునే నేల. పత్తికి, మిరపకు ఇంతకు మించిన తల్లి లేదు. గోడకు ఇంతకు మించిన శత్రువూ లేదు. ఊళ్ళో కొత్త మేడల గోడల మీద ఐమూలగా పాకే బీటలను చూడండి, అవి చాలావరకు ఈ నేల రాసినవే. పగులు ఎంతవరకు దిగిందో నిండు ఎండలోనే తెలుస్తుంది. దానికి దిగువన గుంజ పాదం ఉంటే ఆ గుంజ కదలదు. అందుకే రోహిణిలో గోతులు తవ్వాలి. ఐదడుగుల గోతులు తవ్వించి, అడుగున రాతిపలక వేసి, గుంజ నిలిపి, చుట్టూ ఇసుకా కంకరా పోసి దిమ్మిసతో కొట్టించారు. తవ్విన నల్లమట్టిని ఒక్క తట్ట కూడా మళ్ళీ గోతిలో పోయనీయలేదు.

గుంజలకు తుమ్మ, దూలాలకు ముదురు తాడి. లేత తాడి మొద్దులో మెత్తటి పీచే తప్ప నల్లటి చేవ ఉండదు. చేవ లేనిదానిని పుచ్చు తినేస్తుంది. పాత సావిడి దూలాల్లో నాలుగింటిని వడ్రంగి గొడ్డలి మడమతో తట్టి, చప్పుడు విని, "వీటికేం అయ్యగారూ, ఇంకో తరం మోస్తాయి" అన్నాడు. కొత్త వెదుళ్ళను మాత్రం చెరువులో నానవేశారు, పురుగు పట్టకుండా.

మృగశిర ప్రవేశించి రెండు వానలు పడగానే కూలీలు పత్తి విత్తడానికి పోయారు. సావిడి గుంజల దగ్గరే ఆగిపోయింది. నాన్న తొందరపడలేదు. తిండి పెట్టే పనికి, కొంప కట్టే పని దారి ఇవ్వాలన్నది ఆయన లెక్క. ఆ తరువాత వచ్చిన ఆగస్టు, 1901 నుంచి దేశంలో నమోదైన ఆగస్టులన్నిటిలోకీ అత్యల్ప వర్షపాతం కలది. మిరప నారు మళ్ళలో ముదిరిపోతూ ఉంటే, చేలో పని లేని మనుషులు సావిడి పనికి వచ్చారు. దూలాలు, వాసాలు ఆ కరువు నెలలోనే ఎక్కాయి. సావిడి ముందుకు సాగినందుకు సంతోషించాలో, అది సాగిన కారణానికి దుఃఖించాలో తెలియని రోజులవి.

కప్పు దగ్గర తగవు వచ్చింది. తాటాకు చల్లన, కానీ మూడు నాలుగేళ్ళకొకసారి మార్చాలి. కప్పడం తెలిసినవారు ఊళ్ళో ఇద్దరే మిగిలారు. రేకు మన్నుతుంది, కానీ ఎండను దించుతుంది. గేదెకు నల్లటి చర్మం, చెమట గ్రంథులు తక్కువ. ఎండకు ఆవు ఓర్చుకున్నట్టు అది ఓర్చుకోలేదు, పాలు తగ్గిస్తుంది. చివరకు పైన రేకు, కింద తాటాకు, మధ్య జానెడు ఖాళీ అని తేలింది. పొడుగు తూర్పు పడమరలుగా పెట్టడంతో మధ్యాహ్నపు ఎండ లోపలికి రాదు. గేదెకు నాలుగు చదరపు మీటర్ల నీడ కావాలని పశువైద్యులు చెప్పే లెక్కకు రెట్టింపు వదిలారు. నేలకు పల్నాటి నాపరాయి పరిచి, మూత్రం కాలువలోకి పారి పేడదిబ్బకు చేరేటట్టు వాలు పెట్టారు.

రేకులన్నీ తెచ్చిన తరువాత కూడా నాన్న మూడంకణాలకే బిగించనిచ్చారు. చిత్త, స్వాతి, విశాఖ దాటేవరకు మిగిలిన రెండూ ఖాళీగానే ఉండాలన్నారు. మా తీరంలో గాలివానల కాలం అది. కట్టుబడి పూర్తిగా కుదురుకోకముందే కప్పంతా వేస్తే గాలికి తెరచాప కట్టి ఇచ్చినట్టే. డిసెంబరు వచ్చేసరికి ఇక భయం లేదనుకున్నాం. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఆ రాత్రి గాలి రెండు ఖాళీ అంకణాల గుండా దూరి వెళ్ళిపోయింది. వాసం ఒకటి విరిగింది. గుంజ ఒక్కటీ ఒరగలేదు.

అయితే మిరప ఒరిగింది. కాపు మీదున్న చెట్లు బురదలో పడుకున్నాయి. తెల్లవారాక మా పొలం కౌలుకు చేసే బాబాయి, ఆయన ఇద్దరు కొడుకులు, తడిసిన పత్తి బోరేలను ట్రాక్టరులో వేసుకుని సావిడికే వచ్చారు. ఊళ్ళో కప్పూ, గాలీ రెండూ ఉన్న చోటు మరొకటి లేదు. ఇంకా ఒక్క గేదె కూడా అడుగుపెట్టని నాపరాళ్ళ మీద వారం రోజులు పత్తి ఆరింది. రంగు మారిన పత్తికి వచ్చే ధర ఎంతో అందరికీ తెలుసు. అయినా అది పత్తిగా మిగిలింది, చేలోనే కుళ్ళిపోలేదు. ఎవరిని అడిగి పెట్టారని నాన్న అనలేదు. అడగవలసిన పనిలేదన్నట్టు బాబాయీ అడగలేదు.

కనుమ నాడు గేదెలు కొత్త సావిడిలోకి వచ్చాయి. మిరపకోతల వల్ల చివరి రెండంకణాలు ఉగాదికి గానీ పూర్తి కాలేదు. ఏడాది పట్టిందని అన్నయ్య నవ్వాడు. ఇంజనీరు లెక్కలో అది నలభై రోజుల పనే కావచ్చు. కానీ ఎండ చూపవలసినది ఎండాకాలంలో, గాలి పరీక్షించవలసినది గాలికాలంలో జరగాలి గదా. ఈ నేల మీద ఏ రుతువు సాక్ష్యాన్ని వదిలేసి కట్టినా, ఆ రుతువే తరువాత వచ్చి తన మాట చెప్పి పోతుంది.

సావిడి కట్టినంత మాత్రాన వ్యవసాయం నిలబడదని నాకు తెలుసు. 2021–22లో నల్ల తామరపురుగు మిరపతోటలను ఊడ్చిపెట్టింది. 2025 ఆరంభంలో ధర ఎంతగా పడిపోయిందంటే, ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించవలసి వచ్చింది. ఆ ఏడు గుంటూరు యార్డుకు తీసుకువెళ్ళినా కిరాయి దండగని, బాబాయి తన టిక్కీలను కొన్నాళ్ళు మా సావిడి చివరి అంకణంలోనే పేర్చుకున్నారు. అవి అక్కడ ఉన్నందువల్ల ధర పెరగలేదు. ఆ రోజే తెగనమ్మవలసిన అగత్యం మాత్రం తప్పింది.

స్థలం బేరం ఇప్పటికీ ముగిసిపోలేదు. నాన్న తరువాత ఏమిటన్న ప్రశ్న మా అన్నదమ్ముల మధ్య మాటల్లోకి రాకుండానే తిరుగుతూ ఉంటుంది. నేను గుంటూరులో ఉంటాను, వెళ్ళేది ఆదివారాలు మాత్రమే. వ్యవసాయం చేస్తానని ప్రగల్భాలు పలకలేను. కానీ 2025 రోహిణిలో నాన్న మంచం సావిడిలో వేయించుకుని కూర్చుని, గుంజల చుట్టూ విచ్చుకున్న సందుల్లో కంకర పోసి కొట్టే పని నా చేత చేయించారు. మట్టి పోస్తే వానకు ఉబ్బి గుంజను ఒక పక్కకు నెడుతుంది. కంకరైతే నేల కదిలినా సర్దుకుంటుంది. ఏటా చేయవలసిన పని ఇది. పదహారు గుంజలు. పని పూర్తయిన సాయంత్రం అన్నయ్య ఫోను చేసి, మాటల మధ్యలో, "గుంజలు ఎలా ఉన్నాయిరా?" అని అడిగాడు.