ఐత్వం తెచ్చిన తంటా

దిగపహండిలో తెలుగు పిల్లలకు ఆదివారం పూట అక్షరాలు నేర్పే తరగతి ఒకటి మేం నాలుగిళ్ళవాళ్ళం కలిసి నడుపుకుంటున్నాం. 1936 ఏప్రిల్ 1న గంజాం ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీని విడిచి ఒరిస్సాలోకి వచ్చిన తరువాత మనబోటి ఇళ్ళలో మన లిపిని మనమే కాపాడుకోవలసి వచ్చింది. పాఠం చెప్పే అమ్మాయికి ఇచ్చే గౌరవవేతనమంతా చందాల డబ్బే. ఆ లెక్కలు చూసే పని నాది.

చందాలు ఇక్కడ వసూలవుతాయి, ఖాతా మాత్రం పుణెలో మా అమ్మాయి దగ్గరి కంప్యూటర్లో ఉంటుంది. మా తమ్ముడి కొడుకు జావాస్క్రిప్టులో రాసిన ప్రోగ్రాం ఇక్కణ్ణించి వివరం పంపితే, అది పైథాన్‌లో రాసిన ప్రోగ్రాం అక్కడ అందుకుంటుంది. దారిలో ఎవరూ ఐదువందలను యాభై చేయకుండా ప్రతి సందేశానికీ ఒక ముద్ర ఉంటుంది. రెండు చోట్ల మాత్రమే తెలిసిన రహస్యపు మాటను సందేశంతో కలిపి లెక్కకడితే 64 అంకెలూ అక్షరాల వరుస ఒకటి వస్తుంది. అందుకున్నవారు తామూ అదే లెక్క కట్టి, రెండూ ఒకటైతేనే నమ్ముతారు. దీన్ని హెచ్‌మాక్ అంటారు. మిహిర్ బెల్లారే, రాన్ కానెటీ, హ్యూగో క్రాచిక్ అనే ముగ్గురు 1996లో ప్రతిపాదించగా, 1997లో ఆర్‌ఎఫ్‌సి 2104 పేరుతో ఇంటర్నెట్ పత్రంగా వెలువడింది. సందేశంలో ఒక్క చుక్క మారినా ముద్ర మొత్తం మారిపోతుంది. దాని గొప్పతనమూ అదే, మా కష్టమూ అదే.

మొదట పరీక్షించిన నాడు ఒక్క ముద్రా కలవలేదు. "అక్కా, నా వైపు అంతా సరిగ్గా ఉంది, నీ పైథాన్ చూసుకో" అంటాడు వాడు. "ముందు నీది చూసుకోరా" అంటుంది ఇది. 2005లో ప్రచురించిన నమూనా లెక్కలున్నాయి. ఈ తాళం, ఈ మాట ఇస్తే ఈ జవాబు రావాలి అని. వాటితో చూస్తే రెండు ప్రోగ్రాములూ సరైన జవాబే చెప్పాయి. అంటే ముద్ర వేయడంలో తేడా లేదు, ముద్ర వేసే కాగితంలోనే ఉందన్నమాట.

నిజమే. పైథాన్ ప్రోగ్రాం అందిన సందేశాన్ని విప్పి, మళ్ళీ తన పద్ధతిలో రాసుకుని లెక్కకట్టేది. రాసేటప్పుడు కామా తరువాత, కోలన్ తరువాత ఒక్కొక్క ఖాళీ వదిలేది. జావాస్క్రిప్టు వదలదు. ఆ ఖాళీలు తీసేశాక ఇంగ్లీషు అక్షరాల పేర్లు కలిశాయి. తెలుగు పేర్లు కలవలేదు. పైథాన్ ఊరుకుంటే తెలుగు అక్షరాన్ని అక్షరంగా రాయదు, దాని యూనికోడ్ సంఖ్య వేస్తుంది. అదీ మాన్పించారు. అందరం ఊపిరి పీల్చుకున్నాం.

రెండు నెలలకు అసలు గొడవ వచ్చింది. ఒక పెద్దావిడ భర్త పేరు మీద ఐదువందలు ఇచ్చారు. ఖాతాలో లేవు. మా గుంటడు వసూలు చేసుకెళ్ళాడని వీధిలో అందరికీ తెలుసు. "బాబూ, నా డబ్బు ఏమైంది?" అని ఆవిడ మెల్లిగానే అడిగారు గాని, పక్కనున్నవాళ్ళు మెల్లిగా అనుకోలేదు. చందా డబ్బు మీద ఒక మాట పుడితే దానికి కాళ్ళు మొలుస్తాయి. వాడు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

పుణె నుంచి తిరస్కరించిన పేర్ల జాబితా తెప్పించి చూశాను. నాకు ప్రోగ్రాములు రావు, తెలుగు వచ్చు. వైకుంఠం, కైలాసం, శైలజ, వైదేహి... అన్నిటా ఐత్వం! ఐత్వం లేని పేరు ఒక్కటీ లేదు.

ఆ మాట చెప్పగానే అమ్మాయి పట్టేసింది. సభ్యుని నంబరును బట్టి పుణె ప్రోగ్రాం పేరును తన జాబితాలోంచి వేసుకునేది. ఆ జాబితా ఎప్పుడో పాత డీటీపీ ఫాంటులో కొట్టింది, తరువాత యూనికోడ్‌లోకి మార్చింది. ఆ మార్పులో ఐత్వం రెండు ముక్కలైంది, పైన ఎత్వం, కింద కొస. ఇక్కడ వాడు కొట్టే ఐత్వం ఒకే ముక్క. తెర మీద రెండూ అచ్చు ఒక్కలాగే కనిపిస్తాయి. యంత్రానికి మాత్రం ఒకటి మూడు బైట్లు, మరొకటి ఆరు. యూనికోడ్ వారు ఈ రెండూ సమానమే అన్నారు, ఒకే రూపానికి తెచ్చే పద్ధతీ ఇచ్చారు. కాని ఎవరో ఒకరు ఆ పని చేయాలి కదా! ఒడియాలో ఈ రాష్ట్రం పేరు రాసినా ఇదే చిక్కు. కింద చుక్కతో వచ్చే ఆ డకారాన్ని కూడా రెండు విధాలుగా భద్రపరచవచ్చు. చిత్రమేమిటంటే, ప్రామాణిక రూపంలో మన ఐత్వం ఒకే ముక్కగా కలుస్తుంది, వారి డకారం రెండుగా విడిపోతుంది.

జాబితాను సరిచేస్తే చాలునన్నాడు మావాడు. నాకు ఒప్పుదల కాలేదు. ఇన్సూర్డు కవరు వస్తే లక్కముద్ర ఎప్పుడు చూస్తాం? విప్పకముందే. విప్పి, చదివి, మన చేత్తో మళ్ళీ రాసి, ఆపైన ముద్ర కలవలేదంటే ఎలా? అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తరువాత, "నాన్నా, వచ్చిన బైట్లను వచ్చినట్టే ముందు సరిచూస్తాను, ఆ తరువాతే విప్పుతాను" అంది. జాబితా కూడా సరిచేసింది.

ఆగిపోయిన చందాలన్నీ ఆ రాత్రే ఖాతాకెక్కాయి. మర్నాడు మావాడే పెద్దావిడ ఇంటికి వెళ్ళి రసీదు ఇచ్చి వచ్చాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని భర్త పేరు చదివి, అక్షరాలు మరీ చిన్నవిగా ఉన్నాయనీ, వచ్చేసారి పెద్దవి వేయమనీ చెప్పారట.