పాత టర్బో కొంటున్నారా?

మా పాత డీజిల్ జీపు కోసం విజయవాడ ఆటోనగర్‌లో సెకండ్ హ్యాండ్ టర్బో కొన్నాను. టర్బో, సూపర్‌ఛార్జర్ ఒకటి కాదు. సూపర్‌ఛార్జర్‌ని ఇంజిన్ బెల్టు తిప్పుతుంది. టర్బోని ఇంజిన్ వదిలే పొగే తిప్పుతుంది. డెల్టాలో ధాన్యం, చేపలు మోసే లారీల్లో ఉండేది టర్బోనే కాబట్టి ఇక్కడ తేలిగ్గా దొరుకుతుంది.

కొనేముందు మేస్త్రి షాఫ్ట్ చివర రెండు వేళ్లతో పట్టుకుని ఆడించి చూశాడు. పక్కలకి కాస్త కదిలితే ఫర్వాలేదట. ముందుకీ వెనక్కీ ఆడితే మాత్రం థ్రస్ట్ బేరింగ్ అరిగిపోయినట్టే. తర్వాత టార్చి వేసి రెక్కల అంచులు ఒక్కొక్కటే చూశాడు. నిమిషానికి లక్ష చుట్లు దాటే చక్రం అది. ఒక్క అంచు విరిగినా బ్యాలెన్స్ తప్పుతుంది.

బేరింగులు, సీలు రింగులు కొత్తవి వేసి బ్యాలెన్సింగ్ చేయించాం. ఆయిల్ గొట్టం కూడా పట్టుబట్టి మార్పించాడు. పాతదాంట్లో పేరుకున్న మడ్డి ఆయిల్‌కి అడ్డుపడితే కొత్త బేరింగులూ కాలిపోతాయి.

ఇంత పనితనం మన ఊళ్లోనే ఉంది. టర్బో పోయిందని ఎవరన్నా అంటే పారేయకండి, ముందు విప్పించి చూడండి. బిగించాక స్టార్ట్ చేసేముందు అందులో ఆయిల్ పోయించండి. దూరం నడిపి వచ్చాక ఒక్క నిమిషం ఐడిల్‌లో ఉంచి, అప్పుడే ఇంజిన్ ఆపండి.