పలాస డైరీ: చక్రాల మీద గది

జనవరి 6, 2025

డాలస్ నుంచి అన్నయ్య ఫొటోలు పంపాడు. అక్కడ అమ్మకానికి పెట్టిన ఫిఫ్త్‌వీల్, అంటే పికప్ లాగే చక్రాల ఇల్లు. పికప్ బండి తొట్టిలో వెనక ఇరుసుకి పైన ఒక ఇనుప పళ్లెం బిగిస్తారు. ఇంటి ముక్కు కింద ఉన్న కింగ్‌పిన్ వచ్చి ఆ పళ్లెంలో కూర్చుంటుంది. ముక్కు ఎత్తుగా ఉంటుంది కాబట్టి అక్కడ పడకగది. రెండు మెట్లు దిగితే వంటగది, సోఫాలు, స్నానాలగది. విమానాలు కట్టిన గ్లెన్ కర్టిస్ 1920ల్లోనే ఏరోకార్ పేరుతో ఇలాంటి బండి చేశాడట.

"నాన్న కోసం చూడవే, డబ్బు నేను పంపుతాను" అన్నాడు.

జనవరి 9

వారానికి మూడు రోజులు డయాలసిస్ మిషన్ దగ్గర నాలుగేసి గంటలు పడుకున్నంత కాలం నాన్న ప్రపంచం పలాస, మా ఊరి కొబ్బరితోట, మధ్యలో ఆటో. 2023 డిసెంబర్‌లో పలాసలో రెండు వందల పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. మా వైపు వాళ్లకి అంతకన్నా ముందు పెద్ద వైద్యానికి శ్రీకాకుళమో విశాఖపట్నమో గతి. ఇచ్ఛాపురం నుంచి వజ్రపుకొత్తూరు దాకా మా ఉద్దానంలో ఏ ఊరు తీసుకున్నా ఈ కిడ్నీ జబ్బు లేని వీధి అరుదు. కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. చుట్టాల పెళ్లి విశాఖలో అయితే "మీరెళ్లండి" అనడం ఉద్దానంలో మగాళ్లకీ ఆడాళ్లకీ అలవాటైపోయింది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు గుండె పిండినట్టుంటుంది.

ఇప్పుడు నాన్నకి కడుపులో గొట్టం ద్వారా చేసే డయాలసిస్. రోజుకి నాలుగుసార్లు రెండేసి లీటర్ల సంచి మార్చాలి. మిషన్ అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. కావలసిందల్లా శుభ్రమైన గది. తలుపు మూసి, ఫ్యాన్ ఆపి, మూతికి మాస్క్ కట్టి, చేతులు బాగా రుద్ది కడుక్కుని, అరగంట సేపు ఎవరూ లోపలికి రాకుండా ఉండాలి. చెయ్యి తగలకూడని చోట తగిలితే కడుపులో ఇన్‌ఫెక్షన్. లాడ్జి గదుల చెమ్మ గోడల మధ్య ఈ పని నేను చెయ్యనివ్వను. బండి అడుగుతున్నది షికారుకి కాదు, ఆ గది కోసం.

జనవరి 13, భోగి

మంట దగ్గర కూర్చుని కాగితం మీద బరువులు వేశాను. పది రోజుల ప్రయాణానికి సంచులే ఎనభై లీటర్లు, అట్టపెట్టెలతో తొంభై కేజీలు అనుకోవాలి. నీళ్ల ట్యాంకు వంద లీటర్లు, అంటే మరో వంద. మనుషులం నలుగురం, రెండొందల యాభై. బ్యాటరీ, గ్యాసు బండ, బియ్యం, అమ్మ పచ్చళ్లు ఇంకా వెయ్యలేదు.

ఇంకో సంగతి అన్నయ్యకి చెప్పాలి. లోపలికి ఎక్కించిన మందునీరు బయటికి వచ్చేటప్పుడు కాస్త ఎక్కువే వస్తుంది, ఒంట్లో నీటిని లాక్కుని వస్తుంది కాబట్టి. అది మురుగు ట్యాంకులోకి పోతుంది. అంటే సంచులు ఖాళీ అవుతున్నా, ట్యాంకు దింపేదాకా బండి బరువు తగ్గదు. కేరవాన్ అమ్మేవాళ్లు మంచినీళ్ల ట్యాంకు గురించి గొప్పగా చెబుతారు. నేను మురుగు ట్యాంకు గురించి ముందు అడగాలి.

జనవరి 17

అన్నయ్యతో గంటసేపు ఫోన్. ఫిఫ్త్‌వీల్ కొనేవాళ్లు ఇంటి అందం చూసి బయానా ఇచ్చి, తర్వాత లాగే బండి వెతుక్కుంటారట. వరస తిరగబడాలి. ఇంటి బరువులో దాదాపు ఐదో వంతు ఆ పిన్ను మీదే పడుతుంది. ఐదు టన్నుల ఇల్లయితే పికప్ వెనక ఇరుసు మీద టన్ను. అందుకే అక్కడ పెద్ద రకం పికప్పులే దానికి వాడతారు. మన దగ్గర సొంతానికి కొనే పికప్పులు ఆ టన్ను మొయ్యలేవు. అమెరికా నుంచి ఓడ ఎక్కించే మాట ఆ ఒక్క లెక్కతో ముగిసింది. అన్నయ్య కాసేపు మాట్లాడలేదు. నాన్నని ఆ మెట్ల ఇంట్లో ఊహించుకున్నాడు పాపం.

జనవరి 19, టెక్కలి

హైవే పక్కన టీ కొట్టు. నీలి గ్రానైట్ దిమ్మ వేసుకున్న ట్రైలర్ ఆగి ఉంది. దాని ముందు బండి వెనక గ్రీసు పూసిన నల్లటి పళ్లెం, అదే రెండంగుళాల పిన్ను. అన్నయ్య ఫొటోలో ఉన్నదాని పెద్దన్న మా టెక్కలి రోడ్డు మీద రోజూ తిరుగుతూనే ఉంది. డ్రైవర్ని అడిగాను.

"తగిలించీసినాక ముందుకోసారి లాగి సూడాలమ్మా. దిగి, వొంగి, లాకు పడిందో లేదో కళ్లతో సూడాల. సప్పుడు ఇని నమ్మకూడదు."

"మా ఊరి సందులోకి వస్తుందా?"

"రాదమ్మా. ముందుది తిరిగిపోతాది. ఎనకది లోపలికి కోసుకుంతా వొత్తాది. మూల ఇల్లు పోద్ది."

ఎంత నిదానంగా చెప్పాడో. సాయంత్రం టేపు పట్టుకుని మా సందు కొలిచాను. మూల మీద చుట్టాల ఇంటి అరుగు ఉంది. రైలు పట్టాల కింది దారికి అడ్డంగా ఎత్తు కొలత ఇనుపదూలం ఉంది. పెద్ద ఫిఫ్త్‌వీల్ పదమూడడుగులు ఎత్తు. కొబ్బరి మట్టలూ కరెంటు తీగలూ సరేసరి.

జనవరి 25

చిన్న ట్రైలర్ ఆలోచన కూడా వదిలేశాం. లాగే బండికి ఒకటి, ట్రైలర్‌కి ఒకటి రిజిస్ట్రేషన్ వేరువేరు. ఇక మిగిలింది వ్యాను మీద కట్టిన కేరవాన్. ఫోర్స్ ట్రావెలర్ మీద కట్టినవే ఎక్కువ కనిపిస్తున్నాయి. లోపల నిలబడవచ్చు, ఏ ఊళ్లోనైనా మెకానిక్ దొరుకుతాడు. 2021లో కేరళ కేరవాన్ పర్యాటకానికి ఒక విధానమే తెచ్చింది, ఆ తర్వాత కట్టేవాళ్లూ పెరిగారు.

కాగితాల సంగతి రాసుకోవాలి. ఆర్‌సీలో మోటార్ కేరవాన్ అని ఉండాలి. మామూలు వ్యాను కొని తర్వాత మనమే కోసి కట్టించుకుంటే కుదరదు. కంపెనీ ఇచ్చిన నిర్మాణానికి విరుద్ధంగా మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. కేరవాన్లకి ఏఐఎస్-124 అని ప్రమాణం ఉంది, దాని ప్రకారం కట్టినదే అడగాలి. మా ఆయనకున్న మామూలు లైసెన్సు చాలు. ఏడున్నర టన్నుల లోపు రవాణా బండి కూడా దానితో నడపవచ్చని నిరుడు నవంబర్‌లో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.

ఫిబ్రవరి 2, విశాఖపట్నం

పాత బండి ఒకటి చూశాం. బయట మెరుపు, లోపల లెదర్. టైరు మీద నాలుగంకెలు చూశాను: 1118. అంటే 2018లో పదకొండో వారం. గాడులు బాగానే ఉన్నా రబ్బరు వయసు అయిపోయింది. పైకప్పు మూలల్లో వేలితో కొట్టుకుంటూ వెళ్తే ఒకచోట మెత్తగా పలికింది, చెమ్మ వాసన. కింద పడుకుని చూస్తే ఛాసిస్ మీద తుప్పు పొరలు. సముద్రం పక్క బతికిన బండి. నౌపడ ఉప్పు కొటార్ల దగ్గర ఇనుము ఎలా తింటుందో చూసిన దాన్ని, నాకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. వద్దన్నాం.

ఫిబ్రవరి 4, రథసప్తమి

నాన్న టీవీలో అరసవల్లి చూశారు. "వొచ్చే యేడు రోడ్డు మీదకి ఎల్దాం" అన్నారు.

ఫిబ్రవరి 11

కొత్తగా కట్టిస్తున్నాం. కట్టేవాళ్లు పంపిన నక్షాలో టీవీ, బయటికి తెరుచుకునే వంటబల్ల, ఆరు సీట్లు. మేం మార్చింది ఇదీ: వెనక మూల తలుపున్న చిన్న గది, తుడవడానికి వీలైన నున్నటి గోడ, సంచి వేలాడదీసే కొక్కెం, మోచేత్తో తిప్పే కొళాయి, కింద మురుగు గొట్టం. సంచులకి నీడన గాలి తగిలే అర, ఎందుకంటే ఎండలో నిలిపిన బండి లోపల మందునీరు పెట్టకూడదు. టీవీ తీసేశాం.

బ్యాటరీ దగ్గర మాత్రం నేను పట్టు వదల్లేదు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను వచ్చాక మా ఊళ్లో కరెంటు ఎన్నాళ్లకి వచ్చిందో గుర్తున్నవాళ్లు లిథియం ఖరీదు గురించి వాదించరు. దాని బరువూ తక్కువే. పడిన కొబ్బరిచెట్ల మధ్య మోటారు ఆడక నీళ్లకి వరసలో నిలబడ్డ అమ్మ "అది పెద్దదే పెట్టించు" అంది, అంతే.

ఏప్రిల్ 20, టెక్కలి

మిగతా డబ్బు కట్టేముందు బండిని గ్రానైట్ లారీలు తూగే కాటాకి తీసుకెళ్లాం. ట్యాంకు నింపి, సంచుల బదులు నీళ్ల డబ్బాలు పెట్టి, నలుగురం ఎక్కి కూర్చున్నాం. ముందు చక్రాలు విడిగా, వెనక చక్రాలు విడిగా, తర్వాత మొత్తం. ప్లేటు మీద కొట్టిన బరువుకి ఇంకా రెండొందల కేజీల ఎడం ఉంది. వెనక ఇరుసు మాత్రం అంచుకి వచ్చింది, మురుగు ట్యాంకు నిండితే దాటుతుంది. బియ్యం, గ్యాసు ముందు సీట్ల వెనక్కి, ట్యాంకు రోజు విడిచి రోజు దింపాలి. చీటీ అన్నయ్యకి పంపాను.

ఏప్రిల్ 27

పూరీకి. మొదటి సంచి ఇంట్లో తెల్లవారకముందే. రెండోది రంభ దగ్గర, చిలికా సరస్సు ఒడ్డున నీడ చూసుకుని. మూడోది పూరీ చేరాక, నాలుగోది నిద్రకి ముందు. నాన్న ఆ వరస తనే కాగితం మీద రాసి, వెనక గది తలుపుకి అంటించుకున్నారు.