ఉప్పునీటి తొట్టెకు దీపము

మన షోలాపూరు కొంతం చౌక్ చుట్టుపట్ల వారికి నీటి యెద్దడి తెలిసినంతగా సముద్రము తెలియదు. శ్రావణ పూర్ణిమ నాడు ముంబయి తీరమున కోలీలు సముద్రునకు నారికేళము సమర్పించుచుండగా, ఇచ్చట పద్మశాలీలము మార్కండేయుని రథము వెంట నడచుచుందుము. అట్టి చోట మా బావగారు ఉప్పునీటి చేపలను పెంచనెంచిరి. 1951లో ముంబయిలో వెలసిన తారాపోర్‌వాలా మత్స్యాలయమును బాల్యమున చూచిన నాటి ముచ్చట అది.

తొట్టె ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. సుమారు 680 లీటర్ల నీరు పట్టును. పగడములు వలదు, చేపలే చాలునని వారి నిర్ణయము. వ్యవహారమంతయు దీపము కడ చిక్కుపడెను.

వర్తకుడొకడు తొట్టె వెలను మించిన వెలకు నీలికాంతి వెదజల్లు పెద్ద దీపములు రెండు చూపి, సముద్రపు చేపకు సముద్రపు వెలుగు వలదా యని వాదించెను. వినుటకు సొంపుగానే యున్నది. కాని ఆ తీక్ష్ణమైన వెలుగు కోరునది చేప కాదు, పగడము. పగడపు జీవి దేహమునందు సూక్ష్మమైన శైవలములు నివసించి, వెలుతురుతో ఆహారము సిద్ధపరచి దానికి పంచిపెట్టును. చేప మేత తిని బ్రదుకును. దానికి పగలు, రేయి తెలిసిన చాలును. వెలుగు మితిమీరినచో చేపల మలమే ఎరువుగా అద్దములపై నాచు పెరుగును. వేడిమి మరియొక చిక్కు. ఈ చేపలకు 25 మొదలు 27 డిగ్రీల నీరు హితము. మన ఊర వేసవి 40 దాటును. పాతకాలపు మెటల్ హాలైడ్ దీపమును నీటిపై వ్రేలాడదీయుట కుంపటి పెట్టుటయే. ఆ విషయమున ఎల్.ఇ.డి. దీపము మేలు.

మరి దీపము ఎవరి కొరకు? చూచువారి కొరకే. ఈ సంగతిలో వర్తకుని కన్న నేతగానికే ఎక్కువ తెలియునని నా అభిప్రాయము. ట్యూబులైటు క్రింద ఒకే రంగుగా తోచిన రెండు నూలు లడులు వాకిటి యెండలో వేరు రంగులుగా బయటపడుట మనవారెరుగనిది కాదు. మా పెద్దలు అద్దకపు నూలును గుమ్మము దాటించి చూడనిదే సరియనెడివారు కారు. మేమును అట్లే చేసితిమి. నీరు పోయని తొట్టెలో ఎరుపు, పసుపు, నీలము లడులను వ్రేలాడదీసి, మూడు దీపములను ఒకదాని వెంట నొకటి వెలిగించితిమి. నీలి దీపము క్రింద ఎరుపు మసివలె నల్లబడెను. సముద్రగర్భమునను ఇంతే, నీరు మొదట మ్రింగునది ఎరుపునే. పసుపుకాంతి దీపము క్రింద నీలము మాసినట్లుండెను. 6500 కెల్విన్ల తెల్లని కాంతి గలిగి, రంగులను యథార్థముగ చూపు సూచిక 90కి మించిన దీపము క్రింద మాత్రమే మూడును వాకిట చూచినట్లుండెను. దానినే కొంటిమి. బావగారి ముచ్చటకై సాయంకాలము ఒక గంట వెలుగునట్లు సన్నని నీలి దీపమొకటి చేర్చితిమి. కంటికింపును కాదనుటకు నేనెవ్వడను?

దినమునకు ఎనిమిది గంటలే వెలుగునట్లు టైమరు పెట్టితిమి. ఈ చేపలకు రెప్పలు లేవు. కటిక చీకటిలో దీపము తటాలున వెలిగినచో బెదరి అద్దమునకు కొట్టుకొనును. కావున మొదట గది దీపము, పిదప తొట్టె దీపము. చీకటి పడగనే ఇసుకలో దూరి నిద్రించు జాతులును కలవు. ఉప్పు తుంపరలు దీపమును తినివేయకుండ నడుమ అద్దపు మూత యుండవలెను. తీగను సాకెట్టునకు దిగువగా వంచి పిదప పైకి కొనిపోయినచో, జారిన నీటిచుక్క నేల రాలునే గాని సాకెట్టును చేరదు.

దీపములపై మిగిలిన సొమ్ము నీటిని చల్లబరచు యంత్రమునకు చెల్లిపోయెను. ఎంతో పొదుపైనదని అక్కగారితో చెప్పబోయిన బావగారికి ఆమె కరెంటు బిల్లును చూపెను.